కంపెనీ ఫ్యాన్ల కింద అవ్వ నిద్ర

ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే బస్సు దిగి కాసేపు నడిస్తే మా ఊరు వస్తుంది. ఊళ్లో బోర్లన్నీ ఉప్పు నీళ్లే. ఆ నీళ్లు తాగిన పిల్లల పళ్లు గారపడతాయి. ఆ నీళ్లలో వేసిన కందిపప్పు పొద్దున పొయ్యి మీద పెడితే మధ్యాహ్నానికి కూడా పలుకు విడవదు. తియ్యటి నీళ్లుండేది కొండ కింద బావి ఒక్కదానిలోనే. మా అవ్వ రోజూ తెల్లవారగానే బిందె చంకన పెట్టుకుని ఆ బావికే పోయేది. అవ్వకు ఈ లోకంలో గర్వమంటూ ఉంటే ఆ నీళ్లతో చేసే గోంగూర పప్పు మీదే. బంధువులెవరైనా వస్తే కుశల ప్రశ్నల కన్నా ముందు ఆమె చెయ్యి పప్పు గిన్నె మీదికి పోయేది.

తొంభైల నడుమ ఒక రాతి కంపెనీ కన్ను మా కొండ మీద పడింది. కొండను పేలిస్తే బావి ఊట పోతుందని ఊళ్లో తెలియనివాళ్లు లేరు. మండలాఫీసరు కంపెనీ జీపులో తిరుగుతున్నాడనీ తెలుసు. మేం ఓట్లేసి గెలిపించిన నాయకుడి కొత్త మేడకు మెట్లన్నీ ఆ కంపెనీ నల్లరాయే అనీ తెలుసు. ఆ మేడలో జరిగిన పెళ్లికి పోయినవాళ్లు ఆ మెట్లను చేత్తో తడిమి, ఎంత నునుపుగా ఉన్నాయోనని మెచ్చుకుని మరీ వచ్చారు. కొండ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

నాకు ముక్కు మీద కోపం. డిగ్రీ అయిపోయి ఆత్మకూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. పిల్లల మీద అరవగా మిగిలిన గొంతంతా బస్సులో వాడేదాన్ని. అప్పుడే వేసిన తారు రోడ్డు అప్పుడే లేచిపోయి, బస్సు మమ్మల్ని చేటలో బియ్యం చెరిగినట్టు చెరుగుతుండేది. ఒకరోజు పక్క సీటులోని మా ఊరి రైతును పట్టుకున్నాను. ఎగువ వీధిలో ఉండే పెద్దాయన, చిన్నప్పటి నుంచీ నన్నెరిగినవాడు.

"కొండ పోతావుంటే అడగరా పెద్దనాయనా?"

"ఎవుర్ని అడగాల పాపా? మన నాయకుడు తినకపోతే ఇంకోడు తింటాడు. తినేవోడు మనోడైతే మేలే గదా" అన్నాడు, గుంతకు ఎగిరిపడి తలపాగా సర్దుకుంటూ.

వెనక సీటులో సోమశిల డ్యాము ముంపులో ఊరు పోగొట్టుకుని మా ఊరికొచ్చి స్థిరపడిన ఆయన ఉన్నాడు. "మేము అరిచినాంలేమ్మా అప్పుడు. ఊరూ పోయె, గొంతూ పోయె" అని నవ్వాడు.

ఇంట్లో మా నాయన గవర్నమెంటు స్కూలు టీచరు. "నువ్వు ఏమన్నా మాట్లాడుకో, నా పేరు మాత్రం ఎత్తబాక" అన్నాడు. అవ్వ అయితే "దేవుడుండాడు గదే, చూసుకుంటాడు. నువ్వు ముందు అన్నం తిను" అంది. బావి పోతే మొదట కుమిలిపోయేది తనేనని తెలిసి కూడా ఆమె అంతే. పైగా ఆమెకు కంపెనీ మీద కాస్త అభిమానం కూడా, ఎందుకంటే మా చర్చికి ఫ్యాన్లు ఇచ్చింది వాళ్లే. రెక్కల మీద కంపెనీ పేరు ఎర్రగా రాసి ఉండేది. ఆదివారం ప్రసంగం మొదలవగానే అవ్వ ఆ గాలికి హాయిగా కన్ను మూసేది.

మా చర్చిలో ఒక వాడుక ఉంది. ఆరాధన చివర పాస్టరుగారు "ప్రార్థన అవసరమున్నవారు చేతులెత్తండి" అంటారు. స్త్రీల సమాజానికి పెద్ద కాబట్టి మొదట అవ్వ చెయ్యి లేవాలి. ఆ తరువాత చాపల మీది ఆడవాళ్లందరి చేతులూ లేస్తాయి. ప్రార్థన ముగిసేదాకా ఎవరూ దించరు. అవ్వ గాఢ నిద్రలో ఉన్నా ఆ మాట చెవిన పడితే చాలు, చెయ్యి దానంతటదే లేచేది. పక్కన కూర్చుని నవ్వాపుకోలేక నేను పెదవి కొరుక్కునేదాన్ని.

కొండ ఇచ్చేముందు ఊరి మాట అడగాలని ఏదో రూలుందట. మీటింగు స్కూల్లో పెడదామంటే రేకుల వేడి. కంపెనీ ఆయనే, ఇచ్చిన ఫ్యాన్లు ఎలా తిరుగుతున్నాయో చూసినట్టూ ఉంటుందని, చర్చిలో పెట్టమన్నాడు. వెనక వేపచెట్టు కింద బిర్యానీ డేగిసాలు ఎక్కాయి. అన్ని వీధులవాళ్లూ వచ్చారు. మగవాళ్లు తలుపు వైపు బెంచీల మీద, ఆడవాళ్లు ఎప్పటిలాగే అవ్వ వెనక చాపల మీద కూర్చున్నారు.

నాయకుడు లేచి ఉద్యోగాలన్నాడు, రోడ్డన్నాడు, వీధి దీపాలన్నాడు. ఫ్యాను గాలికి అవ్వ తల ముందుకూ వెనక్కూ ఊగడం మొదలైంది.

"చూడండి, అవ్వే తల ఊపతుండాది!" అన్నాడాయన సంబరంగా.

చివరికి ఆఫీసరు పెన్నుకు మూత పెడుతూ, తల కూడా ఎత్తకుండా, "అభ్యంతరం ఉన్నవాళ్లు చేతులెత్తండి" అన్నాడు. ఒంటరిగా నవ్వులపాలవుతానని తెలిసే నేను చెయ్యెత్తాను. ఎవరూ నా వైపు చూడలేదు. అప్పుడు నా పక్కన, ముడతలు పడిన ఇంకో చెయ్యి మెల్లగా పైకి లేచింది. అవ్వ కళ్లు మూసుకునే ఉన్నాయి.

ఆ వెంటనే నా వెనక గాజులు గలగలలాడాయి. తిరిగి చూస్తే చాపల మీది చేతులన్నీ పైనే. సగంమంది మాటలు వినలేదు, అవ్వ చెయ్యి చూశారు, ఎత్తారు. బెంచీల మీది మగవాళ్లు పెళ్లాల చేతుల వంక, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రేపు అన్నం వడ్డించాల్సిన చేతులు అవే కదా. ఒక్కొక్కరే ఎత్తారు. మా నాయన చెయ్యి కూడా భుజం దాకా వచ్చి, కాసేపు ఆలోచించి, పైకి పోయింది.

నాయకుడు పరుగులాంటి నడకతో వచ్చి అవ్వ ముందు నిలబడ్డాడు. "అవ్వా, చెయ్యి దించు!"

అవ్వ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. "ప్రార్థన కాకముందే దించేదేందయ్యా?"

"ఇది ప్రార్థన కాదవ్వా, మీటింగు."

"మీటింగైతే మందిరంలో ఎందుకు పెట్టినారు?"

నేను ఆమె చెవిలో సంగతంతా చెప్పాను. అవ్వ వెనక్కి తిరిగి ఆ చేతులన్నీ చూసింది. తన చెయ్యి వంక కూడా, అది ఎవరిదో అన్నట్టు, చూసుకుంది. ఆమె దించితే అందరూ దించుతారు.

"ఎత్తింది ఎత్తినానులేయ్యా" అంది అవ్వ. "బావి పోతే నా పప్పు నువ్వొచ్చి ఉడికిస్తావా?"

ముందు ఆడవాళ్లు నవ్వారు, తరువాత బెంచీలు నవ్వాయి. నవ్వాక భయం ఎక్కడ నిలుస్తుంది? ఊరి అభ్యంతరం రాసుకోడానికి ఆఫీసరు మళ్లీ పెన్ను మూత తీయక తప్పలేదు. కంపెనీ ఆయన డేగిసాలు జీపులో పెట్టించమన్నాడు. సంగం ఊరి నుంచి వచ్చిన వంటాయన మాత్రం "దమ్ము తీసేసినాను సార్, ఇంక మోస్తే మెతుకు చెడిపోద్ది" అని గరిటె పట్టుకుని కూర్చున్నాడు. కడుపునిండా తిన్నాం. అంత రుచైన బిర్యానీ నేను మళ్లీ తినలేదు.

కంపెనీ ఇంకో కొండ వెతుక్కుంది. మా బావి మాకు మిగిలింది. ఆ తరువాతి ఆదివారానికల్లా ఊళ్లో ప్రతివాడూ ముందే అనుకుని చెయ్యెత్తినవాడే. చర్చి బయట నలుగురు అవ్వ ధైర్యాన్ని తెగ పొగుడుతుంటే ఆమెకు చిరాకేసింది.

"ధైర్యమేందిరా? నేను నిద్రపోతుండినాను. మేలుకోనుండేవోళ్లు మీరు. ఇన్నాళ్లూ మీ చేతులకేమైంది?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు, దాంతో అందరూ నవ్వేశారు. ఆ తరువాత ఎన్నికల్లో మళ్లీ ఆ నాయకుణ్నే గెలిపించాం, అది వేరే సంగతి.

అయినా ఆ ఆదివారం మర్నాడు, సోమవారం బస్సులో జరిగింది నేను మరిచిపోలేను. పెద్ద గుంతలో పడి అందరం సీట్ల మీంచి లేచాం. తినేవాడు మనవాడైతే మేలన్న పెద్దనాయన తలపాగా సర్దుకుని, అటూ ఇటూ చూసి, నా వైపు వంగాడు.

"పాపా, ఈ రోడ్డేసినోణ్ణి అడగాలంటే చెయ్యి యాడ ఎత్తాల?"