వెనక్కి జరపమన్నది నేనే

ఇన్నేళ్లూ ఒక అబద్ధాన్ని గుండెల మీద బండలా మోశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడానికి నోరు వస్తోంది.

నాకు గర్వం ఎక్కువ. దాచను. కంబదూరు చుట్టుపక్కల జీపు నడిపిన మొదటి ఆడదాన్ని నేను. మా ఆయన పోయాక జీపు అమ్మేయమని అందరూ అన్నారు. అమ్మలేదు. శెనక్కాయ మూటలు, గొర్రెలు, పెళ్లివాళ్లు, ఏవైనా చేరవేశాను. మా మరిది ఓబులేసు లోడు కట్టేవాడు. వాడు కట్టిన తాడు జారిందన్నవాళ్లు లేరు.

ఒక ఏడు మా చెరువు నిండింది. చేపలు పట్టేవాళ్లంతా కలిసి గుంతకల్లు వైపు ఒక పాత పడవ కొన్నారు. దాన్ని రెండు చక్రాల ట్రైలరు మీద తేవడానికి నన్నే పిలిచారు. ఓబులేసు మోటారూ వలలూ పడవ ముందు భాగంలో సర్దాడు. జీపు వెనక కాస్త కుంగింది. అంతమంది చూస్తుండగా నా జీపు అలా కుంగడం నాకు నచ్చలేదు.

“అవన్నీ తీసి వెనక్కి జరుపు.”

“వద్దు వదినా. బరువు చక్రాలకు ముందరే ఉండాల. జీపు కొక్కెం మింద కొంచెం ఒత్తిడి ఉంటేనే నిలకడగా వచ్చాది. వెనక పెడితే తోక ఆడిచ్చాది.”

“స్టీరింగు పట్టేది నేనా, నువ్వా? చెప్పింది చెయ్.”

చేశాడు. దిగుడులో ట్రైలరు అటూ ఇటూ ఊగింది. నిదానంగా వేగం తగ్గించాల్సింది. భయపడి బ్రేకు తొక్కాను. ట్రైలరు బోల్తా పడింది. పడవ అడుగు చీలింది.

జనం చేరారు. “ఎవురప్పా ఈ లోడు కట్టినోడు?”

ఓబులేసు నా వైపు చూశాడు.

“మా మరిది,” అన్నాను.

కట్టింది వాడేగా? అబద్ధం ఎలా అవుతుంది? నిజం చెబితే ఆడదానికి జీపెందుకన్నవాళ్లే గెలుస్తారని, నా తర్వాత స్టీరింగు పట్టబోయే ఆడపిల్లలందరూ ఓడిపోతారని ఎన్నోసార్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ నన్ను నేనే నిజంగా అడిగి చూసుకుంటే, ఆ క్షణాన నాకు ఏ ఆడపిల్లా గుర్తుకు రాలేదు, నా పేరొక్కటే గుర్తుంది.

ఆ తర్వాత వాణ్ని ఎవరూ లోడుకు పిలవలేదు. బెంగుళూరుకు కూలికి పోయాడు. ఎక్కడా నా పేరు ఎత్తలేదు.

ఈ ఏడు చెరువు మళ్లీ నిండింది. కొత్త పడవ తెమ్మని నన్నే పిలిచారు. బరువు నేనే సర్దాను, వాడు చెప్పినట్టే. దారి పొడుగునా ట్రైలరు ఊగలేదు. గర్వపడ్డాను. ఇప్పటికీ పడుతున్నాను.

గట్టు మీద ఒక పెద్దాయన మెచ్చుకున్నాడు. “ఆ పొద్దు నీ మరిది పడవ పగలగొట్టె. నువ్వు చూడు, పువ్వు మాదిరి తెచ్చినావు.”

“ఆ పొద్దు బరువు వెనక్కి జరపమన్నది నేనే. వాడు వద్దనె,” అన్నాను.

పెద్దాయన మొహం తిప్పుకున్నాడు. అక్కడి నుంచే ఓబులేసుకు ఫోను చేసి, నేనేం చెప్పానో చెప్పాను. అంతా విన్నాడు. పెట్టేశాడు.

ఇంటికొచ్చాను. ఆకలేసింది. రాగి ముద్ద చేసుకుని కడుపునిండా తిన్నాను.