మోనికా ములెవా లెక్కపెట్టిన మచ్చలు

"...అలాగని ఆవిడ అబద్ధమాడిందనడం లేదు ముసలాయనా, ఆ రోజు ఆ మచ్చ అక్కడ లేదంటున్నాను, అంతే."

"నువ్వు పిల్లల గోలలో చూసుంటావు టీచరూ. నలభైమంది చుట్టూ చేరి ముక్కులు చీదుతుంటే సూర్యుడు మాత్రం కుదురుగా ఉంటాడా?"

"నలభైమందీ చూశారు. ఎవరికీ కనబడలేదు. ఎలుకల్ని తినే మీవాళ్లకైతే చిన్నచిన్నవి బాగా ఆనతాయి కాబోలు."

"కోతుల్ని తినేవాళ్లతో నాకు వాదనేమిటిలే."

జాంబియాలోని లువాన్ష్యా ఊరి గ్రంథాలయం పెరటి గోడకి ఇవతల మోనికా ములెవా ఆగిపోయింది. లోపల మాట్లాడుకుంటున్న ఇద్దరిలో టీచరు కబాసో బెంబా, ముసలాయన జెరే ఎంగోని. ఆ రెండు తెగలవాళ్లూ బావామరుదుల్లా ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు, నొచ్చుకోకూడదు. అందుకని ఎలుకలూ కోతులూ ఆమె పట్టించుకోలేదు. పట్టించుకున్నది మచ్చ సంగతే. ఆవిడంటే తనే.

రాగి గని ప్రయోగశాలలో ఇరవై ఆరేళ్లు ఖనిజం తూచి, పరీక్షించి, ఉద్యోగం చాలించాక ఆమె ఆ పెరట్లో కూడే ఖగోళ సంఘంలో చేరింది. ఏడుగురు సభ్యులు, రెండు టెలిస్కోపులు. రైలు నడిపి రిటైరైన జెరే అధ్యక్షుడు, హైస్కూల్లో లెక్కలు చెప్పే కబాసో కార్యదర్శి. మిగతావాళ్లు శని వలయాలు చూసి మురిసేవారు. ఆమెకి పొద్దుటి పని నచ్చింది. ఎనిమిదింటికి చిన్న టెలిస్కోపుని సూర్యుడి వైపు తిప్పి, వెనక తెల్లకాగితం అంటించిన చెక్క బిగిస్తే, సాసరంత సూర్యుడు దానిమీద పడతాడు. అందులో నల్లమచ్చలు ఎన్ని గుంపులున్నాయో, గుంపుకెన్ని మచ్చలున్నాయో లెక్కపెట్టి, పెన్సిలుతో గీసి, నెలాఖరుకి పరదేశంలో ఈ లెక్కలు పోగుచేసే కేంద్రానికి పంపాలి. అవి పెరిగి, తరిగి, మళ్లీ మొదటికి రావడానికి పదకొండేళ్లదాకా పడుతుంది. ఆమె పదేళ్లనుంచి పంపుతోంది. ఇంకొక్క ఏడాది గడిస్తే ఒక చుట్టు మొత్తం తన కళ్ల ముందే పూర్తయినట్టు. ఆ ఊళ్లో అంతకుముందు అలా చూసినవాళ్లు లేరు.

లెక్క పూర్తయ్యేదాకా దగ్గరికి ఎవరూ రాకూడదు. లెక్కపెట్టే మనిషి ఆ రోజు సూర్యుడి ఫొటో ఎక్కడా చూసి ఉండకూడదు. మచ్చ ఎక్కడుందో ముందే తెలిస్తే కన్ను అక్కడ ఏదో ఒకటి చూసి తీరుతుంది. సంఘం బోర్డు మీద ఈ నియమం రాసిపెట్టింది మోనికాయే.

ఫిబ్రవరిలో కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. ఏడాదిగా ఆమె లెక్క తగ్గుతోందనీ, అందరికీ కనిపిస్తున్న చిన్న మచ్చలు ఆమె కాగితం మీద ఉండడం లేదనీ మర్యాదగా రాశారు. పక్క ఊరు ఎండోలాలో కంటి డాక్టరు శుక్లమన్నాడు, తీసేయవచ్చన్నాడు. తీసేస్తే చూపు బాగుపడుతుంది గాని, అది వేరే కన్ను అయిపోతుంది. ఆ కంటి లెక్క పాత లెక్కతో అతకదు. ఆమె ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. మార్చి ఒకటిన టీ పెట్టుకునే ముందు ఫోనులో ఆనాటి సూర్యుడి ఫొటో చూసింది. సరిచూసుకోవడానికి, ఒక్కసారికే అనుకుంది. ఆ రోజు రెండు మచ్చలు ఎక్కువ దొరికాయి. మర్నాడూ చూసింది. మే నెలలో, లెక్క మళ్లీ కుదుటపడిందని కేంద్రం రాసిన ముక్కని జెరే సమావేశంలో చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె తల దించుకుంది. వినయమనుకున్నారు.

జూన్ పదిహేడున నెట్‌వర్క్ లేదు. ఫోనులో ముందురోజు ఫొటోయే ఉండిపోయింది. అంచు దగ్గర గుంపులో చిన్న చుక్క. ఆమె గీసింది. తెల్లారేసరికే అది కరిగిపోయిందని ఆమెకి తెలియదు. అదే గంటకి కబాసో రెండో టెలిస్కోపు బడికి తీసుకెళ్లి పిల్లలకి సూర్యుణ్ణి చూపిస్తున్నాడు.

ఆమె గోడ దాటి లోపలికి వెళ్లింది. ఇద్దరూ మాట ఆపేశారు. జెరే లేచి కుర్చీ జరిపాడు, బూరెల పళ్లెం ముందుకి తోశాడు. అక్కడ జూన్ చలికాలమే; చలి ఎలా ఉందని అడిగాడు. కబాసో కాసేపు రిజిస్టరు పేజీలు తిప్పాడు. తర్వాత, పదిహేడున గడ్డి తగలబెట్టిన పొగ బాగా ఉంది కదా అన్నాడు. నుసి ఏదైనా అద్దం మీద వాలి ఉంటుందన్నాడు.

"మీరు అవునంటే ఆ ఒక్క మచ్చా కొట్టేసి, నుసి అని రాస్తానమ్మా. ఎవరూ ఏమీ అనుకోరు."

జెరే గట్టిగా తలూపాడు. పదేళ్లలో ఒక నుసి తప్పా అన్నాడు.

మోనికా పళ్లెంలోంచి ఒక బూరె తీసుకుంది, తినలేదు. నుసికీ మచ్చకీ తేడా కొత్తగా చేరినవాళ్లకి నేర్పేది తనే. టెలిస్కోపుని వేలితో కాస్త తడితే సూర్యుడితోపాటు కదిలేది సూర్యుడిది, ఉన్నచోటే ఉండిపోయేది అద్దానిది. తట్టి చూడకుండా ఆమె ఏనాడూ గీయలేదు. ఆ రోజూ తట్టింది.

"నుసి కాదు. తట్టి చూశాను," అంది. "కదిలింది నాయనా. లేని మచ్చ కదలడం నేను చూశాను."

రోడ్డు మీద బొగ్గు మూటల సైకిళ్లు వరసగా వెళ్తున్నాయి. ఆమె అవి వెళ్లేదాకా ఆగి, మార్చి నుంచి పొద్దున్నే ఫోను చూసి వస్తున్నానని చెప్పింది. డాక్టరు ఏమన్నాడో కూడా చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది.

కబాసో బోర్డు వైపు చూడబోయి ఆగిపోయాడు.

"ఇంకొక్క ఏడాదే కదా చెల్లెమ్మా," అన్నాడు జెరే. "ఫోను మానెయ్యి. కనబడినన్నే గియ్యి. మేం ఇది ఇక్కడే మర్చిపోతాం."

"మీరు మర్చిపోతారు. ఎక్కడ వెతకాలో నా కంటికి అలవాటైపోయింది."

ఆమె బూరె పళ్లెంలో పెట్టేసి, చేతులు తుడుచుకుని, రిజిస్టరు తన వైపు తిప్పుకుంది.

"ఫిబ్రవరి ఆఖరి రోజుతో నా లెక్క ఆపేయమని కేంద్రానికి రాస్తున్నాను," అంది. "తర్వాత పంపినవన్నీ కొట్టేయమంటాను. రేపటినుంచి కబాసో తన పేరు మీద మొదలుపెడతాడు."