నలభై ఒక్కసారి ఎక్కిన అప్‌డేట్

డౌట్ల బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు: దేన్నీ నమ్మకపోవడం. తన నీడ కాస్త పొడుగ్గా పడినా “ఎందుకు సాగావ్?” అని నిలదీసే రకం. ఆసుపత్రిలోని అరవై కంప్యూటర్లూ చూసుకునే పని ఆయనకే అప్పజెప్పడంతో ఆ జబ్బు ముదిరి ఉద్యోగమైంది.

అప్‌డేట్ వస్తే మూడే ప్రశ్నలు. “ఎవరు పంపారు? ఎందుకు పంపారు? ఇవాళే ఎందుకు పంపారు?” మౌసునీ నమ్మడు. “బొమ్మ నొక్కితే లోపలేం జరుగుతుందో ఎవడు చూడొచ్చాడు?” అంటూ నల్ల తెర తెరిచి, కమాండు ఒక్కో అక్షరమే కొట్టి ఎక్కిస్తాడు. అదీ ముందు తన పాత డబ్బా కంప్యూటర్లోకి. మూడు రోజులు ఓరకంట గమనిస్తాడు. ఈలోగా ఫ్యాను కాస్త గట్టిగా తిరిగిందో, ఇంకో కమాండు కొట్టి మెడపట్టి గెంటేస్తాడు.

ఓసారి క్యాంటీన్ అతను “కొత్త రకం చక్కెర బాబాయ్” అన్నాడు పాపం. మూడు రోజులు ఆ కాఫీ పక్క సీటాయన చేత తాగించి, ఆయన బతికే ఉన్నాడని తేలాకే బాబాయి కప్పు ముట్టుకున్నాడు.

ఇలాంటి మనిషినే అనుమానించి హెడ్డాఫీసు ఓ ఇంజనీరమ్మని పంపింది. ఆమేం తక్కువ తిన్నదా? తాళం వేసి మూడుసార్లు లాగి చూసే బాపతు. టెలిఫోన్ గది కంప్యూటర్లో ఒకే అప్‌డేట్ నలభై ఒక్కసారి ఎక్కినట్టు చిట్టాలో కనబడుతోంది. ఎక్కిందే మళ్లీ ఎక్కాలంటే మధ్యలో ఎవరో తీసేస్తూ ఉండాలి. ఎవరో తేలితే ఉద్యోగం ఊడటం ఖాయం.

“ఎవరు పంపారు నిన్ను?” ఆమె కార్డుని వెలుతుర్లో పట్టి చూస్తూ అడిగాడు బాబాయి.

“హెడ్డాఫీసు.”

“ఎందుకు?”

“చూసి రమ్మని.”

“ఇవాళే ఎందుకు?”

“నిన్న బస్సు దొరకలేదు బాబాయ్ గారూ.”

జవాబు నిజంలా ఉండటంతో ఆయన అనుమానం రెట్టింపయింది.

మర్నాడు ఏడున్నరకే ఇంజనీరమ్మ టెలిఫోన్ గది తలుపు వెనక నక్కింది. కాసేపటికి బాబాయి పిల్లిలా వచ్చాడు. వెనక్కి రెండుసార్లు చూశాడు, బల్ల కింద ఒకసారి. కుర్చీ తన ఎత్తుకు దించుకుని టకటకా కమాండు కొట్టాడు. అప్‌డేట్ పోయింది, కంప్యూటర్ ఆగి మళ్లీ లేచింది. ఆయన ఇయర్‌ఫోన్ పెట్టుకుని విని, తృప్తిగా తలూపాడు.

“దొరికారు!” అంటూ ఆమె ఇవతలికి దూకింది.

“తలుపు వెనక ఎవరో ఉన్నారని డౌటొచ్చింది. రోజూ వచ్చే డౌటే కదా అని ఊరుకున్నా” అన్నాడు బాబాయి నీరసంగా.

“ఏం వింటున్నారు?”

ఇయర్‌ఫోన్ అందించాడు. లోపల ఓ గొంతు తెర మీది నంబర్లు చదువుతోంది. అక్కడ ఫోన్లు కలిపే అక్కకి చూపు లేదు. ఆ గొంతు వింటూనే పని చేస్తుంది. ఈ అప్‌డేట్ ఎక్కితే గొంతు మూగబోతుంది.

“పైవాళ్లకి చెప్పొచ్చుగా?”

“చెప్పా. ‘ఒక్క మనిషి కోసం అప్‌డేట్ ఆపం, మనిషినే మారుస్తాం’ అన్నాడు మీ పెద్దాయన.”

“అసలు రాకుండా అడ్డెయ్యడానికి ఒక్క కమాండు చాలు!”

“అడ్డేస్తే మీ జాబితాలో ఎర్రగా కనబడుతుంది, మళ్లీ అక్క మీదికే వస్తారు. తీసేస్తే రాత్రి దానంతటదే మళ్లీ ఎక్కుతుంది, మీకు పచ్చగా ఉంటుంది. పొద్దున్నే నేను తీసేస్తా. అక్కకి తెలీదు, చెప్పకు.” తల గోక్కున్నాడు. “నీకెందుకు చెప్పానో నాకే డౌటుగా ఉంది.”

ఆయన అటు వెళ్లాక అక్క వచ్చింది. కూర్చునే ముందు కుర్చీని అలవాటుగా నాలుగంగుళాలు పైకి లేపుకుంది.

“రోజూ లేపుకోవాలా?” అడిగింది ఇంజనీరమ్మ.

“నలభై రోజుల పైనే అయింది” అక్క నవ్వింది. “ఇంత పొట్టి మనిషి ఇక్కడ ఒక్కరే. నాకు తెలుసని చెప్పకండి. దాచిపెట్టడంలో ఆయనకున్న సుఖం ఇంకెందులోనూ లేదు.”

తప్పు అప్‌డేట్‌దే గానీ మనిషిది కాదని ఇంజనీరమ్మ రిపోర్టు రాసి, కింద సంతకం చేసి, మూడుసార్లు సరిచూసుకుని మరీ పంపింది. ఆపైన రోజూ హెడ్డాఫీసు ప్రాణం తీసింది. నెల తిరిగేసరికి సరిచేసిన అప్‌డేట్ వచ్చింది. ఆమే ఆసుపత్రికి ఫోన్ చేసింది. అక్కే లైను కలిపింది.

“బాబాయ్ గారూ, ఇందులో గొంతు పలుకుతోంది. నేనే దగ్గరుండి చూశా.”

“నువ్వే పంపావా?”

“నేనే.”

“నమ్ముతున్నా” అన్నాడు బాబాయి, జీవితంలో మొదటిసారి. వెంటనే టకటకమని చప్పుడు. “అయినా ముందు నా డబ్బాలో మూడు రోజులు ఉండనీ.”

లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

“అమ్మాయ్! ఎవరో మన మాటలు వింటున్నారు!”

“అబ్బే, అంతా మీ అనుమానం బాబాయ్ గారూ” అంది ఇంజనీరమ్మ.