నాన్నమ్మ పిలిచిన ఏడు పేర్లు

బుధవారం. పొద్దుటి నుంచి ముసురు. సామలు దంచి, చెరిగి పెట్టాను...

మా చిన్నప్పుడు డుంబ్రిగుడ దగ్గర మా ఊళ్ళో కొత్త పంట ఇంటికొచ్చినా ఎవరూ వెంటనే తినేవారు కాదు. సామ కొత్త పండగ నాడు ముందు పెద్దలకు పెట్టాలి. పెద్దలంటే మా ఇంట్లో చనిపోయినవాళ్ళు. నాన్నమ్మ అడ్డాకుల మీద కొత్త అన్నం ఏడు ముద్దలు పెట్టి, ముద్దకో పేరు పిలిచేది. వెనకాలే మేమూ ఆ పేరు అనాలి.

మా ఇంటి భాష ఆదివాసీ ఒరియా. పెద్దలను పిలిచేదీ అందులోనే. నేను హాస్టల్లో చేరాక, ఆ మాట నోట్లోంచి వస్తే తోటి పిల్లలు నవ్వేవారు. అందుకే ఆ ఏడాది పండక్కి వచ్చి నోరు మూసుకుని కూర్చున్నాను.

"ఏటిరా గుంటడా, అనవేటి?" అంది నాన్నమ్మ.

"అది బాస కాదంట అవ్వా."

"బాస కాదా... మరి ఇన్నాళ్ళూ ఆకలేత్తే ఏ బాసలో ఏడిసినావురా?"

అందరూ నవ్వారు. నేను మాత్రం అనలేదు. మరుసటి ఏడూ అనలేదు...

పదో తరగతితో నా చదువు ఆగింది. కొన్నేళ్ళకు సంతలో ఒక షావుకారు అట్ట లేని ఇంగ్లీషు డిక్షనరీ పేజీలు చింపి మిరపకాయలు పొట్లం కడుతున్నాడు. ఇస్తావా అని అడిగాను.

"ముందు సగం పొట్లాలకే అయిపోనాది. ఎనక సగం సాలితే అట్టుకెళ్ళు" అన్నాడు.

ఆ వెనక సగంలోనే మాటల మూలాలు ఉన్నాయి. ఒక వానాకాలమంతా కూడబలుక్కుని చదివాను. సంస్కృతంలో నవ, ఇంగ్లీషులో న్యూ, రష్యన్‌లో నోవి... వీటన్నిటికీ తల్లి మాట 'నెవోస్' అయి ఉంటుందట. దాని పక్కన నక్షత్రం లాంటి చుక్క గుర్తు. ఆ మాటను ఎవరూ రాసి పెట్టలేదని ఆ చుక్కకు అర్థం. మిగిలిన బిడ్డలను పక్కపక్కన నిలబెట్టి, తల్లి ఇలా ఉండేదని ఊహించారు.

కొత్తను మా ఇంట్లో 'నుఆ' అంటాం. పుస్తకం పట్టుకుని నాన్నమ్మ దగ్గరికి పరుగెత్తాను. అప్పటికే మంచం పట్టి ఉంది.

"అవ్వా, మన నుఆ, దొరల న్యూ... చుట్టాలంట."

"అయితే కొత్తలకి దొరల్నీ పిలవాలేటి? సామలు సాలవురా" అంది.

ఆ ఏడు పేర్లూ మరిచిపోయాను, చెప్పు, రాసుకుంటానన్నాను. తల అడ్డంగా ఊపింది.

"ఉట్టినే పిలిత్తే ఆకలితో వచ్చెత్తారు. ఏటి పెడతావు? పంట రానీ."

పంట వచ్చింది. నాన్నమ్మ లేదు...

నాన్న అంతకు ముందే పోయాడు. అమ్మకు మూడు పేర్లే గుర్తున్నాయి. ఇక పుస్తకంలో వాళ్ళు చేసిన పనే నేనూ మొదలుపెట్టాను. ఒక ఏడు ముంచింగిపుట్టులో మేనత్త ఇంటికి, మరో ఏడు పాడేరు వైపు చిన్నతాత కొడుకుల ఇంటికి... పండగ నాడే వెళ్ళాలి. మిగతా రోజుల్లో వాళ్ళూ ఆ పేర్లు పలకరు.

అలా ఆరు పేర్లు కుదిరాయి. ఏడోది మేనత్త ఇంట్లో 'బుద్రు', చిన్నతాత కొడుకుల ఇంట్లో 'బొదొర'. రెండూ పక్కపక్కన పెట్టి, 'బొద్రు' అని రాసుకుని చుక్క పెట్టాను.

ఇప్పుడు సామలు షాపులో ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. పిల్లలు ఎప్పుడు కావాలంటే అప్పుడు వండించుకుంటున్నారు. పండగ దాకా ఆగమంటే, ఎందుకని అడుగుతున్నారు.

రేపు మా ఇంట్లో సామ కొత్త. ఏడో ముద్ద దగ్గర ఆ పేరే పిలుస్తాను. అది ఆయన పేరో కాదో తెలియదు. పుస్తకంలోని తల్లి మాటను విన్నవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. ఈ పేరును మాత్రం నాన్నమ్మ ఏటేటా నా పక్కన కూర్చునే పలికింది...

మీ ఇళ్ళల్లో కొత్త తినే ముందు ఎవరెవరిని పిలిచేవారు? ఆ పేర్లు తెలిసినవాళ్ళు ఇంకా ఉంటే, ఈ ఏడాది వాళ్ళ వెనకాలే మీరూ అనండి.