రెండు బటన్ల రాజమౌళి

రాజమౌళికి పొగరెక్కిందని, సమ్మమ్మ నోరు తెరవకముందే కాగితం చేతిలో పెట్టి పంపించేశాడని కొత్తవాడలో ఒక మాట తిరుగుతోంది. కాగితం పెట్టింది నిజమే. పొగరు మాత్రం కాదు. అతనికున్నది షార్ట్‌కట్ల పిచ్చి. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. ఏ రోజు లేను గనక!

తహసీల్దారు ఆఫీసు ఎదుట కంప్యూటర్‌లో దరఖాస్తులు టైపు చేసే కొట్టు అతనిది. ఒకసారి కొట్టిన మాట మళ్లీ కొట్టకూడదని పట్టుదల. 'ఇట్లు తమ విధేయుడు' రావాలంటే రెండు బటన్లు, 'పై విషయము తమరి దయకు' రావాలంటే ఇంకో రెండు. అర నిమిషం మిగుల్చుకోవడానికి అరగంట కూర్చుని అమరుస్తాడు. అలాంటివి నూట పన్నెండు. ఏది దేనికో గుర్తుండదు కాబట్టి జాబితా రాసి గోడకు అంటించాడు. అందులో వెతికేసరికి పది నిమిషాలు. ఆలోపు నా ఐదో తరగతి చదువుతో నేనే చేత్తో రాసిచ్చేదాన్ని.

కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే రాసింది సేవ్ అవుతుందని నా మనవరాలికి కూడా తెలుసు. రాజమౌళి దాన్నీ బతకనివ్వలేదు. అది నొక్కితే 'శ్రీయుత తహసీల్దారు గారికి' అని పడేట్టు మార్చాడు. ఒకనాడు అతను మడికొండ పోతే బామ్మర్ది రాకేష్ ఎవరిదో పెళ్లిపత్రిక కొట్టి, అలవాటుకొద్దీ సేవ్ చేశాడు. తహసీల్దారు వచ్చి పెళ్లికొడుకు పేరు పక్కన కూర్చున్నాడు. మూడు వందలు అచ్చయ్యాక గానీ ఎవరూ చూడలేదు. పెళ్లినాడు సగం మంది ఆయన వచ్చాకే తిందామని విస్తళ్ల ముందు కాచుకున్నారు.

"నన్ను పిలిచెతందుకు గూడ బటన్ పెట్టుకుంటడేమో పెద్దమ్మా" అని అతని భార్య ప్రేమలత నాతో చెప్పుకుంది.

ఇక సమ్మమ్మ సంగతి. జంపఖానాలు నేసే మొగుడు మగ్గం మీదనే కూలిపోయాడు. పింఛను కోసం నాలుగు దరఖాస్తులు పెట్టింది. కాగితం కనబడటం లేదు, కొత్తది తెమ్మని నాలుగుసార్లూ తిప్పి పంపారు. వచ్చిన ప్రతిసారీ రాజమౌళి ముందు మొదటి నుంచీ చెప్పుకునేది. ఐదోసారి వచ్చిన రోజే ఆఖరి గడువు.

"మా ఆయన ఆ పొద్దుగాల..." అని మొదలుపెట్టింది. నేను జరిగి దగ్గరగా కూర్చున్నాను. రాజమౌళి రెండు బటన్లు నొక్కాడు. మొగుడి పేరు, తారీకు, మగ్గం, దవాఖాన, అంతా ఒక్కసారే పడింది. ఈసారి జాబితా వైపు చూడను కూడా లేదు.

"ఏలుముద్ర ఎయ్యి సమ్మక్కా. జల్ది పో, ఆఫీసు మూస్తరు."

ఆమె పరుగులాంటి నడకతో వెళ్లింది. తీసుకున్నట్టు ముద్ర వేసిన రసీదు తెచ్చి చూపించి, ఇంటికి పోయింది.

నాకు మాత్రం ఉండబట్టలేదు. అడిగేశాను.

"ముసల్దాని బాధ జర ఇంటే నీదేం పోతదిర?"

అతను తల ఎత్తలేదు.

"నాలుగుసార్లు ఇన్న పెద్దమ్మా. చెప్పినప్పుడల్ల ఆయన ఆమెకు మల్ల సచ్చిపోతాండు. ఐదోసారి నీకోసం చెప్పియ్యాల్నా?"