నూకరత్నం టీచర్ గారి పదకొండు అడుగులు

చేపల బజారులో సుత్తితో ఐసు పగలగొట్టే చప్పుడు వినబడితే నా కాలు దానంతటదే ఆగిపోతుంది. తడిసిన గోనెసంచి, రంపపు పొట్టు, కానాగంత చేపల వాసన. "ఏటి, మిమ్మల్నిక్కడే పాతేసినారా?" అంటుంది మా ఆవిడ. ముక్కు మూసుకోవలసిన ఆ వాసనలోనే నాకు నూకరత్నం టీచర్ గారు కనబడతారు.

స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. నేనక్కడ కాంట్రాక్టరు దగ్గర ఫిట్టర్ని. కాలు విరిగి, కట్టు విప్పాక, నడక కోసం రోజూ ఒక ఆసుపత్రి వ్యాయామాల గదికి వెళ్ళేవాణ్ణి. కాలెలా విరిగిందని ఎవరడిగినా పూటకో కథ చెప్పేవాణ్ణి. ఓ పూట క్రేను కొక్కెం నన్నెత్తి సముద్రంలో విసిరింది. మరో పూట సొరచేప పట్టుకుంది. అసలు జరిగింది, మేకను తప్పించబోయి సైకిలు మీంచి పడ్డాను.

టీచర్ గారిది ఎలమంచిలి. ద్వారకా నగర్ దగ్గర స్కూల్లో లెక్కలు చెప్పేవారు. నలభై ఏళ్ళుంటాయి. జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. "నరాల మీద తొడుగు సెడిపోయిందంట్రా. తీగ మీద రబ్బరు ఊడినట్టు. బుర్ర నడవమంటాది, కాలికి కబురందదు," అని ఆవిడే చెప్పారు. వేసవి సెలవులయ్యాక గేటు దగ్గర్నుంచి క్లాసు దాకా నడవలేకపోతే ఉద్యోగం మానేస్తానని ఇంట్లో మాటిచ్చి, ఆవిడా ఆ వ్యాయామాల గదికే వచ్చేవారు.

ఆ గదిలో నడక కోసం రెండు ఇనప కమ్మీలుండేవి. ఓ రోజు టీచర్ గారు వాటి మధ్య నిలబడి, "ఒరే, నీ సొరసేప కత సెప్పు. అదయ్యేలోపు నాను ఆ సివరికెల్తాను," అన్నారు. అప్పట్నుంచి అదే మా పద్ధతి. ఆవిడ అడుగు సాగినంతసేపు నా చేప బతికుండాలి. కాళ్ళు వణికితే అది వెంటనే చచ్చిపోవాలి, ఆవిడ కూర్చోవాలి. షరతు ఒక్కటే. "ఏ కోతైనా కొయ్. నా జబ్బు నయమైపోతాదని మాత్రం అనకు. డాక్టరే అన్లేదు."

నోరు ఊరుకుంది గానీ చెయ్యి ఊరుకోలేదు. మా ఊళ్ళో కాళ్ళ నొప్పులన్నిటికీ ఉప్పు కాపడమే మందు. ఒకరోజు క్యాంటీను పొయ్యి మీద ఉప్పు వేయించి మూటకట్టి రహస్యంగా ఆవిడ చేతికిచ్చాను. మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. కాసేపటికి లేవబోతే కాళ్ళు తడిగుడ్డల్లా వాలిపోయాయి, చూపు మసకబారింది. వ్యాయామాల సారు పరిగెత్తుకొచ్చారు. "ఎవడయ్యా ఈ వైద్యుడు? ఈ జబ్బుకి వేడి తగిలితే ఉన్న బలం కూడా పోతుంది!" సాయంత్రానికి కాళ్ళు తేరుకున్నాయి. నేను తేరుకోలేదు. మర్నాడు కుంటుకుంటూ చేపల రేవుకెళ్ళి గోనెసంచిలో ఐసు తెచ్చాను. సారు ఒప్పుకుని, ఐసునీళ్ళలో ముంచిన తువ్వాళ్ళు కాళ్ళకు చుట్టించాకే నడిపించేవారు.

"ఈ సేపల కంపుకి నా క్లాసులో పిల్లులు సేరతాయిరా!" అని నవ్వారు టీచర్ గారు. తిట్టి ఉంటే బాగుండేది.

స్కూలు తెరిచిన రోజు ఎండ మండిపోతోంది. గేటు దగ్గర ఆఖరి తువ్వాలు విప్పాం. ఆవిడకి కర్ర, నాకూ కర్ర. నా సొరచేప హార్బరంతా తిరిగింది, టగ్గుబోటు లాగింది, ఓడ పైలట్‌ని బీడీ అడిగింది. వరండా ఎక్కేసరికి ఆవిడ మోకాళ్ళు వణకసాగాయి. చేపను చంపాల్సిందే. చంపలేకపోయాను.

"ఇంకెంతరా?"

"నాలుగంటే నాలుగు అడుగులు, టీచర్ గారూ!"

ఆగిపోయారు. "నాను లెక్కల టీచర్ని రా. పదకొండు." చెమట తుడుచుకుని, "కుర్సీ తే," అన్నారు. ఏడుస్తూనే కుర్చీ తెచ్చి వేశాను. కూర్చుని గట్టిగా పిలిచారు: "ఒరే పిల్లలూ, పలకలట్టుకుని ఇలా రండి!"

ఆ వరండాయే క్లాసయింది. ఇంట్లో మాటిచ్చారు కదా అన్నాను సాయంత్రం. "క్లాసు దాకా నడుస్తానన్నాను, నడిసినాను. క్లాసెక్కడో సెప్పాల్సింది నాను," అన్నారు. తర్వాత చక్రాల కుర్చీ వచ్చింది. అందులోనూ కొన్నేళ్ళు అక్కడే లెక్కలు చెప్పారు.

నా సొరచేప ఇప్పటికీ బతికే ఉంది, ఏటేటా పెరుగుతోంది కూడా. కానీ అలసిన మనిషెవరైనా ఇంకెంత దూరమని అడిగితే మాత్రం అడుగులు లెక్కపెట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. చెప్పి, కుర్చీ కోసం వెతుకుతాను.