చలిమంట దగ్గరికి రాని కూతురు

మా ఊళ్లో నా ముందు పళ్లికిలించే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. కూలికి వచ్చిన ఆడవాళ్లు నా గొంతు వినపడగానే కబుర్లు ఆపేసి, "ఆయమ్మ వస్తాండాది" అని ఒకరినొకరు గిల్లుకునేవాళ్లు. అలాంటిదాన్ని, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని గడ్డివామి మీది నుంచి జారానంటే ఎవరు నమ్ముతారు? నమ్మకపోతే పోనీ. జారాను. ఆ డిసెంబరులో రోజూ జారాను.

ఎనభైల్లో మాట ఇది. నా కూతుర్ని కుప్పంలో ఇచ్చాం. దానికి ఇద్దరు పిల్లలు. మనవడు రెండో తరగతి, మనవరాలు ఇంకా పలక మీద అక్షరాలు దిద్దే వయసు. అర్ధ సంవత్సర పరీక్షలు కాగానే పిల్లల్ని తీసుకుని పలమనేరు మీదుగా పుంగనూరుకు వచ్చేది. అక్కణ్నుంచి సోమల పోయే బస్సు ఎక్కితే మా ఊరి దగ్గర దించుతారు. మా వైపు చలి సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పొద్దున ఎనిమిదయినా ఎదురింటి గోడ కనపడదు. పిల్లలకు కావాల్సింది సరిగ్గా అదే.

నిద్ర లేవగానే ఇద్దరూ నా దుప్పటి లాగేవాళ్లు. "అవ్వా, మంట! మంట ఏద్దాం రా!" ముందు చిక్కుడులాంటి అనపకాయల చేలోకి పోయేవాళ్లం. మంచు పట్టిన అనపకాయకు ఒక వాసన ఉంటుంది. ఎండ ఎక్కాక కోస్తే ఆ వాసన సగం పోతుంది. అందుకని తడి ఆకుల్లో చేతులు పెట్టి కోసేవాళ్లం. జిగురు వేళ్లకు పట్టుకునేది, పిల్లదాని గౌను మోకాళ్ల దాకా తడిసిపోయేది. తర్వాత కళ్లంలోకి వచ్చి ఎండు కందికట్టె, చెనిక్కాయల పొట్టు వేసి మంట పెట్టేవాళ్లం. మంట తగ్గాక నిప్పుల్లో కాయలు పడేసి, చిటపటమంటే పుల్లతో బయటికి లాగి, నోరు కాలుతున్నా ఆగలేక తినేవాళ్లం.

మనవడు కందిపుల్ల ముక్క ఒకటి పెదాల మధ్య పెట్టుకుని, నోట్లోంచి వచ్చే ఆవిరిని బీడీ పొగలాగా వదిలేవాడు. నేనూ ఒక పుల్ల పెట్టుకుని వాడితో పోటీ పడ్డాను. పిల్లది నవ్వి నవ్వి మట్టిలో పడింది. ఆ తర్వాత గడ్డివామి. ముందు వాడు ఎక్కి నన్ను పిలిచాడు, పైకి పోయాక దిగడానికి వేరే దారి లేదు మరి. పాలు పిండుతున్న మా ఆయన చెంబు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఏమే, నీకేమన్నా గాలి సోకిందా? నడుం ఇరిగితే మదనపల్లె ఆస్పత్రికి ఎత్తుకపోయేది ఎవురు, నేనా?"

"నువ్వేం ఎత్తుకపోవద్దులే. నా మనవడు ఉండాడు" అన్నాను. వాడు కండలు చూపించాడు.

ఆయన "ఇన్నేండ్లు ఈ నవ్వు యాడ దాసిపెట్టినావే?" అని తిరిగి పశువుల దగ్గరికి పోయాడు. ఎగతాళికే అన్నాడు. నేనూ నవ్వేశాను.

ఒక్కటే కొరత. నా కూతురు ఆ మంట దగ్గరికి వచ్చేది కాదు. గడప దగ్గర నిలబడి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని మమ్మల్ని చూసేది. "రా పాపా, ఎంత వెచ్చగా ఉండాదో సూడు" అని పిలిస్తే, "నాకు పని ఉండాది మా" అనేది. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకు ఏం పని? నేను దాన్ని ఒక చెంబు కూడా ఎత్తనివ్వలేదు. రోజూ పిలిచేదాన్ని, రోజూ అదే జవాబు. నాకు కోపం వచ్చింది. నా కోపం సంగతి తెలిసిందే కదా, లోపల దాచుకునే రకం కాదు. "కుప్పం పోయి దొరసానమ్మ అయిపోయినావు. మా పొగ నీకు పడదులే" అని ఒకరోజు వినపడేలాగానే అన్నాను. అది లోపలికి పోయింది.

దాన్ని పక్కన కూచోబెట్టుకుని, నా చేత్తో కాయ వలిచి పెట్టాలని నా ఆశ. పెళ్లయ్యాక ఆడపిల్ల ఎన్నాళ్లుంటుంది మన దగ్గర? సెలవులు అయిపోతే మళ్లీ ఏడాదికి. ఇద్దరు పిల్లల్ని చెరో పక్కన పెట్టుకున్నా, నా చూపు గడప వైపే పోయేది.

ఒక పొద్దున మనవరాలికి దాహమైంది. మంట దగ్గర్నుంచి లేచి ఇంట్లోకి పరుగెత్తింది. నడిమింటి గడప దాటబోతుండగా నా కూతురు దాన్ని రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. ఆ గొంతు కళ్లంలోకి వినపడింది.

"నిలబడు! పొగ వాసన! నీళ్లు పోసుకోకుండా లోపలికి పోతావా?"

పిల్లది బిక్కచచ్చిపోయింది. నేను పరుగున పోయి, "ఏంది పాపా, బిడ్డను అట్ల బెదరగొడితివి? లోపల ఏముండాదని?" అన్నాను. ఏమీ లేదు నిజంగానే. చెనిక్కాయల గోతాలు, రెండు పాత తట్టలు, అంతే. నా కూతురు గదిలోకి చూసింది, పిల్లని చూసింది, తర్వాత తనకే నవ్వొచ్చి గోడకు ఆనుకుంది. "పురుగులు ఉండాయనుకున్న్యా మా" అంది.

మనవడు చాలా మామూలుగా చెప్పాడు. "ఆడ మా ఇంట్లో గూడా అంతే అవ్వా. ఎవురన్నా మంట ఏస్తే మా అమ్మ మమ్మల్ని పోనీదు. పోయినామంటే నీళ్లు పోసుకునేదాకా లోపలికి రానీదు."

ఆ మాటలు ఎవరివో నాకు అప్పుడు అర్థమైంది. అవి నావి.

డెబ్బైల్లో మేం పట్టుపురుగులు పెంచాం. బావి కింద ఎకరం మల్బరీ తోట. ఇంట్లో ఉన్నది రెండే గదులు. ఒకటి వంటకు, నడిమి గది పురుగులకు. మేమంతా పంచలో పడుకునేవాళ్లం. చలికాలం పురుగుకు వెచ్చదనం కావాలి, లేకపోతే మేత మాని ముడుచుకుపోతుంది. అందుకని ఆ గదికి గోతాలు కట్టి, లోపల బొగ్గుల కుంపటి పెట్టేవాళ్లం. బయట బాగా రాజేసి, పొగంతా పోయాకే లోపలికి తీసుకుపోవాలి. పురుగుకు పొగ సోకకూడదు. ఉల్లిపాయ వాసన, తలనూనె వాసన, ఏదీ తగలకూడదు. కాళ్లు చేతులు కడుక్కోనిదే ఎవర్నీ గడప తొక్కనిచ్చేదాన్ని కాదు, మా అత్తను కూడా. చుట్ట తాగి వచ్చిన మా మామను వాకిట్లోనే నిలబెట్టాను. ఊళ్లో నాకు గయ్యాళి అన్న పేరు అప్పుడే వచ్చింది. వచ్చినా బాధ పడలేదు. పురుగులు అల్లిన పట్టుగూళ్లు మదనపల్లెకు తీసుకుపోతే, కొనేవాళ్లు మా గూళ్లను చేత్తో ఎత్తి చూసి మెచ్చుకునేవాళ్లు.

తడి ఆకు వేస్తే పురుగుకు జబ్బు చేస్తుంది. చలికాలం పొద్దున కోసిన ఆకంతా మంచుతో తడిసే ఉంటుంది. దాన్ని ఒక్కొక్కటిగా పాత గుడ్డతో తుడవాలి. ఆ పని నా కూతురిది. బడికి పోకముందు పంచలో కూచుని తుడిచేది. చిన్న చేతులు, ఆకు నలక్కుండా తుడిచేది. "పాప చెయ్యి పడితే ఆకు పూవు మాదిరి ఉంటుంది" అని అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని. ఆ చేతులు ఎంత చల్లబడి ఉంటాయని ఏనాడూ పట్టుకుని చూడలేదు. దాని పెళ్లయి పోయాక పురుగులు మానేశాం. ఎవరైనా అడిగితే బావిలో ఊట తగ్గిందని చెప్పేవాళ్లం. ఊట తగ్గిన మాట నిజమే. ఆకు తుడిచే చేతులు పోయిన మాట ఇంకా నిజం.

ఇదంతా మనవడికి చెప్పాలి కదా, వాడు ఊరుకోడు. "పురుగులు ఏంది, నీళ్లు ఏంది, సెప్పు మా" అని వాళ్లమ్మను పట్టుకున్నాడు. నా కూతురు పిల్లదాన్ని ఒళ్లో కూచోబెట్టుకుని గడపలోనే చెప్పింది. నన్ను అనుకరిస్తూ, నడుం మీద చెయ్యి పెట్టుకుని, నా గొంతుతో.

"నేను ఇంత ఉన్నప్పుడు, మీ మాదిరే, పక్కింటోల్లు కళ్లంలో మంట ఏసినారు. ఆకుగంప ఆడ దించి నేనూ పోయి కూచున్న్యా. రెండు కాయలు తిన్న్యా, అంతే. ఇంటికొస్తే మీ అవ్వ నా జుట్టు వాసన సూసింది. సూసి, 'పొగ! నా పురుగులను సంపేదానికి వచ్చినావా?' అని తొట్టి దగ్గరికి ఈడ్సకపోయి, నెత్తిన సెంబులు సెంబులు సన్నీళ్లు! నేను ఎగిరెగిరి పడతాండా. ఆయమ్మ ఆపలా!"

పిల్లలు పగలబడి నవ్వారు. "అవ్వ పోసిందా? అవ్వేనా?"

"ఇంకా యాడ అయింది? నీళ్లు పోసుకోని, మేత ఏసేదానికి పురుగుల ఇంట్లోకి పోయినా. కుంపటి ఉండాది కదా, లోపల ఎంత వెచ్చగా ఉన్నిందో! పురుగుల తట్టల నడుమ కూచోని జుట్టు ఆరబెట్టుకుంటాండా. మీ అవ్వ వచ్చి, 'తడి తలకాయ ఏసుకోని ఈడ కూచుంటావా, సుక్కలు ఆకు మీద పడతాయి, లెయ్యి!' అని మళ్లా బయటికి తరిమె."

మళ్లీ నవ్వులు. నా కూతురూ నవ్వింది. నిజంగానే నవ్వింది, అందులో విషం ఏమీ లేదు. పిల్లది నా వైపు తిరిగి, "నిజమా అవ్వా?" అంది.

నాకు గుర్తు లేదు. ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. ఆ ఏళ్లలో గూళ్లు ఎంత గట్టిగా, ఎంత పసుపుపచ్చగా వచ్చాయో నా కళ్ల ముందే ఉంది. తడి తలతో చలిలో నిలబడిన నా బిడ్డ మాత్రం లేదు. ఆ రోజు దానికి ఎన్నేళ్లో, ఏ గౌను వేసుకుందో, ఏడ్చిందో లేదో, ఏమీ తెలియదు. తిట్టినందుకు, నీళ్లు పోసినందుకు నాకు సిగ్గేసింది. మరిచిపోయినందుకు మాత్రం తల కొట్టేసినట్టయింది. నాకది రోజూ జరిగే మామూలు పని కాబోలు, అందుకే గుర్తు లేదు.

"నిజమే తల్లీ" అన్నాను. ఇంకేం అనగలను?

ఆ మధ్యాహ్నం మా ఆయనతో చెప్పుకున్నాను. "అప్పటి జరుగుబాటు అట్లుండె. నువ్వు మాత్రం సుఖపడినావా ఏంది? నువ్వూ పంచలోనే కదా వణికింది" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. వణికాను, కాదనను. కానీ నేను పెద్దదాన్ని, తెలిసి వణికాను. అది చిన్నపిల్ల. మంట దగ్గర రెండు కాయలు తినడం తప్ప అది అడిగిందేమిటి?

మరుసటి పొద్దున పిల్లలు దుప్పటి లాగితే లేచాను, మంట వేశాను, కాయలు కాల్చాను. గడ్డివామి మీదికి రమ్మంటే మాత్రం కాళ్లు రాలేదు. వాళ్లు నవ్వినప్పుడల్లా ఒక బిడ్డకు దాచాల్సిన పాలు ఇంకొకరికి పోస్తున్నట్టు అనిపించింది. ఆ ఆటలన్నీ నాకు అప్పుడూ వచ్చు కదా. ఆ కళ్లం అప్పుడూ ఉంది, ఆ గడ్డివామీ ఉంది. నేనే లేను.

పిల్లల్ని తాతకు అప్పజెప్పి వంటింట్లోకి పోయాను. నా కూతురు పొయ్యి ముందు కూచుని కాఫీ కాస్తోంది. పక్కన పీట వేసుకున్నాను.

"పాపా, నాకు యాదికి లేదు. కానీ నువ్వు సెప్పినట్టే సేసింటాను. తప్పు నాది."

"ఏంది మా, ఇంకా అదే పట్టుకోనుండావా?" అంది. "పిల్లోల్లు నవ్వుతారని ఏదో సెప్పినా. ఆ పురుగులే కదా మనకు కూడు పెట్టింది. నీకు మాత్రం ఏం సుఖం ఉన్నింది? తాగు, సల్లారిపోతాది."

కాఫీ లోటా నా చేతిలో పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. పోట్లాట నాకు చేతనవును, ఎదురు మాట్లాడితే మాట్లాడగలను. ఇట్లా బుజ్జగిస్తే ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు. కాఫీ పక్కన పెట్టి దాని చెయ్యి పట్టుకున్నాను. "అయితే రా. ఒక్కసారి వచ్చి కూచో" అన్నాను. అది వద్దనబోయింది. నా మొహం చూసి ఆగి, పొయ్యిలో కట్టె వెనక్కి లాగి లేచింది.

కళ్లంలోకి ఇద్దరం పోయాం. వాళ్లమ్మను చూసి పిల్లలు ఎగిరి గంతులేశారు. మనవడు తన గోనెపట్టా ఇచ్చేశాడు. నేను దాన్ని నా పక్కన పరిచి, నిప్పులు కొంచెం ముందుకు తోసి, కాలిన కాయ ఒకటి వలిచి అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాను. నా కూతురు గోనెపట్టా దాకా వచ్చి నిలబడింది. జడను ముందుకు లాక్కుని, పొగ తగలకుండా కొంగులో చుట్టుకుంది. మంట వైపు చూసింది, తర్వాత నా వైపు.

"కూచునేదా మా? తిట్టవు కదా?" అంది.

నవ్వుతూనే అడిగింది. పిల్లలూ నవ్వారు. కానీ నేను "కూచో పాపా" అనేదాకా అది నిలబడే ఉంది.